పద్దుల్లో మనుషులు: వినిఫ్రెడ్ హోల్ట్‌బీ ‘సౌత్ రైడింగ్’ నవలలో ఆర్థిక మాంద్యం, స్థానిక పాలన

స్థానిక సంస్థల తీర్మానాల పుస్తకం సాధారణంగా సాహిత్య విమర్శకుని బల్లమీదికి రాదు. అందులో రోడ్డు మరమ్మతు, పాఠశాల భవనం, అంటువ్యాధుల ఆసుపత్రి, స్థానిక పన్ను వంటి అంశాలు వరుసగా నమోదై ఉంటాయి. ఆ నమోదు వెనుక ఎవరి జీవితం మారిందో, ఎవరి జీవితం ఆగిపోయిందో ఆ పుస్తకం చెప్పదు. ఆంగ్ల రచయిత్రి వినిఫ్రెడ్ హోల్ట్‌బీ (1898–1935) తన చివరి నవల ‘సౌత్ రైడింగ్’ను సరిగా ఈ మౌనం చుట్టూ నిర్మించింది. 1930ల ఆర్థిక మాంద్యంలో ఒక చిన్న కౌంటీ కౌన్సిల్ ప్రజాపనులను, ఆదాయ వ్యయాలను నడిపిన తీరే ఈ నవలకు ఇతివృత్తం. రచయిత్రి మరణానంతరం, 1936లో, ఆమె స్నేహితురాలు వెరా బ్రిటెన్ పర్యవేక్షణలో ఇది వెలువడింది. ఆ సంవత్సరానికి జేమ్స్ టైట్ బ్లాక్ స్మారక పురస్కారం పొందింది.

పాలనా వ్యవస్థ నవలకు కేవలం నేపథ్యంగా కాక నిర్మాణ సూత్రంగా ఎలా మారిందో పరిశీలించడం, ఆ సూత్రం ఎక్కడ బలహీనపడిందో గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం, కాలం, పన్ను

యార్క్‌షైర్‌కు చారిత్రకంగా ఉత్తర, తూర్పు, పశ్చిమ రైడింగులు మాత్రమే ఉన్నాయి. దక్షిణ రైడింగు లేదు. హోల్ట్‌బీ కల్పించిన ఈ ప్రాంతానికి ఆమె పుట్టి పెరిగిన తూర్పు రైడింగే ఆధారం. ఆమె తల్లి ఆలిస్ హోల్ట్‌బీ అక్కడి కౌంటీ కౌన్సిల్‌లో ఆల్డర్‌మన్ పదవి చేపట్టిన తొలి మహిళ. స్థానిక పాలనపై తన ఆసక్తికి తల్లి చెప్పిన సంగతులే మూలమని రచయిత్రి నవల ముందున్న లేఖలో అంగీకరించింది. అయినా పుస్తక ప్రచురణ ఆ తల్లికి ఇష్టం కాలేదన్నది గమనార్హం. పాలన ఎంత దగ్గరగా చిత్రితమైందో చెప్పడానికి ఈ అయిష్టమే ఒక సాక్ష్యం.

నవలలోని సంఘర్షణను అర్థం చేసుకోవడానికి రెండు చారిత్రక విషయాలు అవసరం. మొదటిది 1929 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం. శతాబ్దానికి దగ్గరగా పేదల సహాయాన్ని నిర్వహించిన ‘గార్డియన్ల బోర్డు’లను ఈ చట్టం రద్దుచేసింది. 1930 ఏప్రిల్ 1 నుంచి ఆ బాధ్యత కౌంటీ కౌన్సిళ్ల మీద, పెద్ద పట్టణాల కౌన్సిళ్ల మీద పడింది. అదే చట్టం వ్యవసాయ భూమిని స్థానిక పన్ను నుంచి పూర్తిగా మినహాయించింది. పరిశ్రమలపై ఆ పన్నును మూడు వంతులు తగ్గించింది. ఆ లోటును పూడ్చడానికి కేంద్రం నిధులిచ్చినా, సొంత ఆదాయ మార్గాలు కుదించుకుపోయిన సమయంలోనే కౌన్సిలుకు కొత్త బరువు వచ్చి చేరింది.

రెండవది 1931 నాటి పొదుపు విధానం. ఆ యేడు నిరుద్యోగ భత్యంలో, ఉపాధ్యాయుల జీతాల్లో పదోవంతు కోత పడింది. బీమా హక్కు ముగిసిన నిరుద్యోగికి భత్యం ఇవ్వాలంటే ముందుగా అతని ఇంటిల్లిపాది ఆదాయాన్ని విచారించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ‘మీన్స్ టెస్ట్’గా పేరుపడిన ఈ విచారణను జరిపినవి కౌన్సిళ్ల ఆధ్వర్యంలోని ప్రజాసహాయ కమిటీలే. నియమం లండన్‌లో తయారైంది. దానిని పొరుగువాని ముఖం మీద చెప్పవలసిన పని మాత్రం స్థానిక సభ్యునిది. నవలలోని నైతిక సంకటానికి మూలం ఇక్కడ ఉంది.

ఎనిమిది కమిటీలు, ఒక కుటుంబం

నవలను హోల్ట్‌బీ ఎనిమిది భాగాలుగా విభజించింది. విద్య, రహదారులు–వంతెనలు, వ్యవసాయం–చిన్న కమతాలు, ప్రజారోగ్యం, ప్రజాసహాయం, మానసిక వైకల్యం, ఆర్థికం, గృహనిర్మాణం–పట్టణ ప్రణాళిక అన్నవి వాటి పేర్లు. ప్రతి భాగానికీ ముందు కౌన్సిల్ కార్యక్రమ వివరాల నుంచి తీసినట్టుగా ఒక కల్పిత భాగం ఉంటుంది. పొడి భాషలో ఉన్న ఆ నాలుగు వాక్యాలు ముగిసిన తరువాత కథనం మనుషుల ఇళ్లలోకి వెళ్తుంది.

ఈ విభజన వట్టి శిల్పవైచిత్రి కాదని హోలీ కుటుంబ కథ నిరూపిస్తుంది. లిడియా హోలీ తెలివైన బాలిక. ఆమె కుటుంబం సముద్రతీరాన ‘షాక్స్’ అనే గుడిసెల వాడలో, పాత రైలుపెట్టెలో కాపురముంటుంది. లిడియా ఉపకారవేతనం విద్యా కమిటీ అంశం. పదే పదే కాన్పులతో చిక్కిపోయి మరణించిన ఆమె తల్లి ఆరోగ్యం మరొక కమిటీ అంశం. పని దొరకని తండ్రి ప్రజాసహాయ కమిటీ పరిధిలోకి వస్తాడు. ఆ రైలుపెట్టె గృహనిర్మాణ కమిటీ పరిశీలించవలసిన సమస్య. ఒకే ఇంటి కష్టం నాలుగు దస్త్రాలుగా విడిపోతుంది. తల్లి మరణించగానే తమ్ముళ్లను, చెల్లెళ్లను పెంచడానికి లిడియా బడి మానవలసి వస్తుంది. విద్యా కమిటీ ఇచ్చిన దానిని ప్రజారోగ్య లోపం తిరిగి తీసుకుంటుంది. ఏ కమిటీ కూడా తప్పు చేసినట్టు దాని దస్త్రంలో కనిపించదు. పద్దులు విడిగా ఉంటాయి, బతుకు ఒకటిగా ఉంటుంది అన్న సత్యాన్ని నవల వ్యాఖ్యానించకుండా కేవలం భాగాల అమరికతోనే స్థాపించింది.

‘ఆర్థికం’ ఏడవ భాగంగా రావడం కూడా అర్థవంతమే. నిజమైన కౌన్సిల్‌లో ప్రతి ప్రతిపాదనకూ మొదటి అడ్డు డబ్బే. నవలలో మాత్రం బడి, రోడ్డు, రోగం, ఆకలి ముందు వచ్చి, లెక్క తరువాత వస్తుంది. ఖర్చుకు ముందు అవసరాన్ని చూడమని రచయిత్రి పాఠకుని ఈ క్రమంతో నిర్బంధిస్తోంది.

సద్గుణం, ఓటు

ఈ నవలలో సభ్యుల గుణం ఒక దిక్కున, వారి ఓటు ఫలితం మరొక దిక్కున నడుస్తాయి. మేథోర్ప్ హాల్ యజమాని రాబర్ట్ కార్న్ నిజాయితీపరుడు. తన పనివాళ్లను, గుర్రాలను తానే చూసుకోవాలనే పాత భూస్వామ్య నీతి అతనిది. ధరలు పడిపోయిన వ్యవసాయం, మతిస్థిమితం తప్పిన భార్య చికిత్సకయ్యే ఖర్చు అతనిని అప్పుల్లోకి నెట్టాయి. సొంత ఇంటి లెక్కతోనే అతడు కౌంటీ లెక్కను కూడా చూస్తాడు. కాబట్టి కొత్త ఖర్చు ఏదైనా అతనికి దుబారాగా తోస్తుంది. ఇటువంటి సజ్జనుని పొదుపు వల్ల బాలికల పాఠశాల ఇరుకు గదుల్లోనే మిగులుతుంది.

దీనికి ఎదురుగా ఆల్డర్‌మన్ స్నెయిత్ ఉన్నాడు. ధనికుడు, ఒంటరి, లోతైన లెక్కలు వేసేవాడు. అభివృద్ధి పథకాలను ముందుకు నడిపేది అతడే. ఆ పథకాల సమాచారాన్ని స్వలాభపు ఎత్తుగడలకు వాడుకునేదీ అతడే. అతని మాట నమ్మి భూముల బేరంలో చిక్కుకున్న హగ్గిన్స్ అటు మతబోధకుడు, ఇటు రవాణా గుత్తేదారు. అతని రెండు వృత్తుల మధ్య నలిగిన మనస్సాక్షిని రచయిత్రి హాస్యంతోనూ జాలితోనూ చిత్రించింది. సోషలిస్టు జో అస్టెల్‌ది మరింత దుర్భరమైన స్థితి. తాను వ్యతిరేకించే సహాయ విధానాన్ని కమిటీలో కూర్చుని తానే అమలు చేయాలి. లేచిపోతే ఆ కుర్చీలో మరింత కఠినుడు కూర్చుంటాడు. క్షయవ్యాధి పీడితుడైన అతడు చివరకు కౌన్సిల్‌ను విడిచి ప్రత్యక్ష కార్మికోద్యమానికే తిరిగి వెళ్తాడు.

సచ్ఛీలుడు అభివృద్ధిని ఆపడం, అవినీతిపరుడు దానిని సాధించడం అనే ఈ వైరుధ్యాన్ని నవల సులభంగా పరిష్కరించదు. ఇళ్లు కట్టడం అవసరమే. కట్టించేవాని చేతులు శుభ్రంగా లేవు. డెబ్బై రెండేళ్ల ఆల్డర్‌మన్ బెడోస్ ఈ రెండు ధ్రువాల మధ్య నిలిచి, మనుషుల బలహీనతలను ఎరిగి కూడా పని సాగించే పాలనా వివేకానికి ప్రతినిధి అయింది.

నవల తన వాదాన్ని తప్పిన చోటు

ప్రధానోపాధ్యాయిని సారా బర్టన్ కమ్మరి కూతురు. చదువుతో ఎదిగిన స్త్రీ. లిడియాలో ఆమె తన బాల్యాన్ని చూసుకుంటుంది. ఆ బాలికను తిరిగి బడికి రప్పించడమే నవల తనకు తాను పెట్టుకున్న పరీక్ష అని చెప్పవచ్చు. సమష్టి బాధ్యతే పేదరికానికి, రోగానికి, అజ్ఞానానికి జవాబన్న విశ్వాసం నిలవాలంటే ఈ పని కౌన్సిల్ ద్వారా జరగాలి. కాని జరిగింది వేరు. లిడియా తండ్రి శ్రీమతి బ్రిమ్‌స్లీ అనే వితంతువును పెళ్లాడతాడు. ఇంటి బరువు ఆమె ఎత్తుకోవడంతో లిడియాకు విముక్తి దొరుకుతుంది. ఒక స్త్రీ జీతంలేని చాకిరీని మరొక స్త్రీ స్వీకరించడం ఇక్కడి పరిష్కారం. ఏ కమిటీ తీర్మానంలోనూ దీనికి చోటు లేదు.

దీనిని కథాసౌకర్యం కోసం జరిగిన రాజీగా కొట్టివేయవచ్చు. సారా, కార్న్‌ల ప్రణయం షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ ఛాయలో నడవడం, కార్న్ గుర్రంతో సహా కొండకొమ్ము నుంచి పడి మరణించడం కూడా అదే కోవకు చెందిన నాటకీయతలే. వీటిలో ప్రణయ ఘట్టం నవల బలహీనత అన్న మాట నిజం. పాలన పెట్టిన చిక్కుముడిని అది మృత్యువుతో తెంచుతుంది. లిడియా విషయం మాత్రం వేరుగా చదవదగినది. పిల్లల పెంపకం, రోగి సేవ, వంట అనే పనులకు 1930ల కౌన్సిల్‌లో కమిటీ లేదు, పద్దు లేదు. రచయిత్రి ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, ఎనిమిది కమిటీల నిర్మాణంలో లేని తొమ్మిదవదాన్ని ఈ ఘట్టం బయటపెట్టింది. తన సూత్రం విఫలమైన చోటనే నవల అత్యంత సత్యసంధంగా ఉంది.

తెలుగు పాఠకుని దృష్టి

స్థానిక పన్ను ఎంత తీవ్రమైన మానవానుభవమో తెలుగు నేలకు కొత్త కాదు. చీరాల, పేరాల గ్రామాలను పురపాలక సంఘంగా మార్చి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో ప్రజలు ఊరు విడిచి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. అక్కడ పన్ను విదేశీ ప్రభుత్వపు అధికార చిహ్నం, నిరాకరణే ఆత్మగౌరవం. హోల్ట్‌బీ నవలలో పన్ను వేసేవారు, కట్టేవారు, దాని వల్ల చదువుకునేవారు ఒకే ఊరివారు. ఊరు విడిచే మార్గం వారికి లేదు. ఒకరి బరువు ఒకరు మోయడమా, మోయకపోవడమా అన్నదే ప్రశ్న. స్వపరిపాలన వచ్చిన తరువాత చీరాల వారసులకూ ఎదురైన ప్రశ్న ఇదే. నిరాకరణకు వీరగాథ దొరికినంత సులభంగా నిర్వహణకు కావ్యం దొరకదు. ఆ కొరత తీర్చే ప్రయత్నంగా ‘సౌత్ రైడింగ్’ తులనాత్మక అధ్యయనానికి విలువైనది.

1935 మే 6న జరిగిన రాజు రజతోత్సవ దృశ్యంతో నవల ముగుస్తుంది. జనం మధ్య నిలిచిన సారా తాను ఈ ఊరికి, ఈ ఊరు తనకు బాధ్యులమని గ్రహిస్తుంది. ఆ యేడు సెప్టెంబరు 29న రచయిత్రి ముప్పై ఏడవ యేట కన్నుమూసింది. మూత్రపిండాల వ్యాధితో తన ఆయుష్షు తక్కువని తెలిసి కూడా ఆమె చివరి శక్తిని రోడ్లు, బడులు, ఆసుపత్రుల లెక్కలున్న నవలకు వెచ్చించింది. తీర్మానాల పుస్తకం చెప్పని సంగతిని చెప్పడం సాహిత్యం పనేనని ఆ ఎంపిక స్పష్టం చేస్తోంది.