ఆల్బుమిన్ నోటుబుక్కు

పొద్దున లేచేసరికి పిల్లాడి కనురెప్పలు ఉబ్బి ఉంటే తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ముందు వెళ్ళేది కళ్ళ డాక్టరు దగ్గరికే. చుక్కల మందు పడుతుంది. సాయంత్రానికి రెప్పల వాపు దానంతటదే తగ్గుతుంది కాబట్టి మందు పనిచేసిందనుకుంటారు. తర్వాత పొట్టా కాళ్ళూ ఉబ్బుతాయి. 'బిడ్డకు ఒళ్ళొచ్చింది' అని అవ్వ మురిసిపోతుంది. పిల్లల కిడ్నీ డాక్టరునైన నా దాకా వచ్చేది ఆ తర్వాతే.

ఈ జబ్బు పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీలోని జల్లెడ కన్నాలు పెద్దవైనట్టు రక్తంలోని ఆల్బుమిన్ మూత్రంలోకి పోతుంది, నీరు ఒంట్లో నిలుస్తుంది. చాలామంది పిల్లలకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలతో తగ్గుతుంది. తగ్గినవాళ్ళలో ఎక్కువమందికి తిరగబెడుతుంది కూడా. అందుకే మొదటి రోజే తల్లికి ఓ నోటుబుక్కు ఇప్పిస్తాను.

పరీక్ష ఇంట్లోనే. గాజు గొట్టంలో పొద్దుటి ఉచ్చ కాస్త పోసి, సల్ఫోశాలిసిలిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేయాలి. గొట్టం వెనక క్యాలెండరు కాగితం పెట్టి చూడాలి. తేటగా ఉంటే సున్నా. మసకబారినా అక్షరాలు చదవగలిగితే ఒకటి, చదవలేకపోతే రెండు. ఏమీ కనబడనంత తెల్లగా చిక్కబడితే మూడు. గడ్డలు గడ్డలుగా తేలితే నాలుగు. ఆ అంకెను నోటుబుక్కులో రాయాలి. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తమిళనాడులో ఉంది. ఇప్పటికీ ఇళ్ళలో తెలుగే, బడి చదువు మాత్రం తమిళం. నోటుబుక్కులో జ్వరం, జలుబు అన్న మాటలు తమిళంలో ఉంటాయి. అంకెలకు ఏ భాషా అడ్డం రాదు.

వరసగా మూడు రోజులు మూడో నాలుగో వస్తే జబ్బు తిరగబెట్టినట్టు. వరసగా మూడు రోజులు సున్నా, లేదా ఒకటికి చేరనంత కాస్త మసక ఉంటే తగ్గినట్టు. పరిశోధన వ్యాసాల్లో ఉన్న నిర్వచనమూ ఇదే. అంటే, పెద్ద ఆసుపత్రుల్లో లెక్కగట్టే ఫలితాలకు మూలం ఏదో ఇంటి పెరట్లో అమ్మ వేసిన అంకె.

మొదటిసారి స్టెరాయిడ్ ఎక్కువ నెలలు వాడితే జబ్బు తక్కువసార్లు తిరగబెడుతుందని ఒకప్పుడు మేమంతా నమ్మేవాళ్ళం. మన దేశంలో ఐదు ఆసుపత్రులు కలిసి 181 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. మూడు నెలలు వాడినా ఆరు నెలలు వాడినా చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఆకలి పెరిగి, ముఖం గుండ్రమై, ఎత్తు ఎదగని పిల్లల్ని చూసినవాడిగా ఆ మూడు నెలల విలువ నాకు తెలుసు. జలుబు విషయంలో మాత్రం తగువు తెగలేదు. రోజు విడిచి రోజు మాత్ర వేసుకునే పిల్లలకు జలుబు చేసినప్పుడు, కొన్ని రోజులు రోజూ ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గిందని శ్రీలంక, ఢిల్లీ అధ్యయనాలు చెప్పాయి. 2022లో బ్రిటన్ వాళ్ళు లాభం లేదన్నారు. నేను పిల్లాడి పాత నోటుబుక్కు తిరగేసి, జలుబుల వెనకే మూడులు ఉంటేనే ఇస్తాను.

తిరువళ్ళూరులో స్వామి పేరే వైద్య వీరరాఘవుడు. అమావాస్యకు మొక్కు తీర్చుకుని వస్తామంటే సరేనంటాను. వాపు ఉన్న రోజుల్లో ప్రసాదం పులిహోర మాత్రం కళ్ళకద్దుకుని పక్కన పెట్టమంటాను, ఉప్పు కదా.

ఆ మధ్య ఓ తల్లి ఫోన్ చేసింది. పిల్లాడికి జలుబు. రెండు రోజులుగా మూడు వస్తోంది. దగ్గర్లోని ఓ క్లినిక్‌లో ఆరోజే పూర్తి మోతాదు మొదలుపెట్టమన్నారట.

"మొగం ఉబ్బిందామ్మా?"

"లేదు సార్. ఆడుకుంటా ఉండాడు. ఇంకొక పొద్దు చూసి మొదలుపెడతానని వాళ్ళతో చెప్పేసి వస్తిని. తప్పా?"

తప్పు కాదన్నాను. వాపు కనబడితే మాత్రం ఆగొద్దన్నాను. మర్నాడు ఒకటి వచ్చింది, ఆ పై రోజు సున్నా. వాళ్ళు ఇచ్చిన చీటీ నోటుబుక్కులోనే మడిచి పెట్టుకుంది, ఆ మాత్రలు కొననే లేదు.