అసమాప్త సహరచనలు – భాస్కర రామాయణము

కవి యొకఁ డారంభించి విడిచిన కృతియు, పలువురు పంచుకొని వ్రాయుచుండఁగా నడుమ నాగిన కృతియు పఠనీయములా యను ప్రశ్నము క్రొత్తది కాదు. జపానుదేశమున మాంగా యనఁబడు చిత్రకథల పాఠకులు నేఁడు దీనినే మరల నడుగుచున్నారు. సాతో దైసుకె కథ వ్రాయఁగా సాతో షోజి బొమ్మలు గీసిన ‘హైస్కూల్ ఆఫ్ ది డెడ్’ 2006లో మొదలై, కథకుఁడు 2017లో మరణించుటచే 7 సంపుటములతో నిలిచిపోయినది. ‘బెర్సెర్క్’ కర్త మియురా కెంతారో 2021లో గతింపఁగా, అతని శిష్యులు మిత్రుఁడగు మోరి కోజి పర్యవేక్షణమున 2022లో ఆ కథను మరల నెత్తికొనిరి. మొదటిదానికి అంతము లేదు; రెండవదానికి అతుకు కలదు.

ఆంధ్రవాఙ్మయమున నిట్టి విచారమునకుఁ దగిన గ్రంథము భాస్కర రామాయణము. అరణ్యకాండమును యుద్ధకాండ పూర్వభాగమును హుళక్కి భాస్కరునివి. బాల, కిష్కింధా, సుందరకాండములు అతని కుమారుఁడని ప్రసిద్ధుఁడైన మల్లికార్జునభట్టు రచనలు. అయోధ్యాకాండము కుమారరుద్రదేవునిది. భాస్కరుఁడు విడిచిన యుద్ధకాండ శేషమును అయ్యలార్యుఁడు ముగించెను. అరణ్యకాండకర్త మంత్రి భాస్కరుఁడని వాదించినవారును గలరు. కాని కర్త యెవ్వఁడైనను పద్యము మాఱదు గదా.

ఇందఱి చేతులు పడిన గ్రంథము కావ్యమగునా యని యాక్షేపించువారు అతుకునే తప్పుగా నెంచుచున్నారు. అది సరి కాదు. భారతారణ్యపర్వ శేషమును బూరించిన యెఱ్ఱన, నన్నయ ఫణితి ననుసరించి, రాజరాజనరేంద్రునే కృతిపతిగా నిలిపి, అతుకును దాఁచఁ జూచెను. అయ్యలార్యుఁడో, శేషమును దాను బూరించితినని చెప్పుకొనెను. ఎఱ్ఱనది గురుభక్తి, అయ్యలార్యునిది నిష్కాపట్యము. పాఠకునకు రెండవదియే మేలు, ఏలయన ఎవ్వని గుణ మెవ్వనికిఁ జెందవలయునో తెలియును. వికారాబాదు, తాండూరు సీమవారి కిది సుబోధము. తాండూరు నాపరాళ్లు పఱచిన నేలయందు అతుకుగీఁత కనఁబడుట లోపము కాదు, ఎగుడుదిగుడే లోపము. అనంతగిరిలోఁ బుట్టిన మూసి తూర్పునకును, కాగ్నా తాండూరు ప్రక్కగాఁ బడమరకును బోయి, తుదకు రెండును గృష్ణకే చేరుచున్నవి. ఒకదానిని రెండవదాని నడకతో నడువలేదని నిందించువారు లేరు.

అయినను మాంగాకును రామాయణమునకును ముఖ్యభేద మొకటి కలదు. రావణుఁడు చచ్చునని యెఱుఁగని తెలుఁగు పాఠకుఁడు లేఁడు. కావున భాస్కరుని కలము ఆగినను కథ చెడలేదు. కొఱఁత పడినది కథనరీతి మాత్రమే. మాంగాలోని కథ యన్ననో క్రొత్తది. దాని ముగింపు కథకుని మనస్సులోనే యుండెను, అతనితోనే పోయెను. చిత్రకారుఁడు బ్రదికియున్నను దానిని గీయలేఁడు. అందుచే నా గ్రంథమును కథాకుతూహలముచేఁ జదువువాఁడు మోసపోవును. వీధులన్నియు మృతకళేబరములు నిండఁగా బడిపిల్లలు తప్పించుకొనిపోవు తొలి ఘట్టములు మాత్రము చిత్రకారుని వేగమునకును, భయోత్పాదనశక్తికిని సాక్ష్యములు, వానివఱకుఁ జదువఁదగును. తరువాత స్త్రీశరీర ప్రదర్శనమునం దాసక్తి కథను మ్రింగివేసినది.

భాస్కర రామాయణమును మాత్రము పూర్తిగాఁ జదువఁదగును, కాని యేకకర్తృక కావ్యమువలెఁ గాదు. మొదట నరణ్యకాండమును, పిదప యుద్ధకాండమును జదివి, భాస్కరుఁ డెచట నాగెనో యట నిలిచి, తరువాతి పద్యములను నెమ్మదిగాఁ బరిశీలింపవలయును. మల్లికార్జునభట్టు సుందరకాండమును వేఱుగాఁ దీసికొనుట మంచిది. ఉత్తరకాండ మిందు లేదని బాధపడువారికిఁ దిక్కన నిర్వచనోత్తరరామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమును గలవు.