బెలుం దోవలో రెండు సెడాన్లు

ఇంజనుకో అర, మనుషులకో అర, సామానుకో అర. ఇలా మూడు అరలుగా కట్టిన కారును సెడాన్ అంటారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలంలో కారంటే ఇదే రూపం. పలక మీద పిల్లలు గీసిన కారు బొమ్మకు కూడా ముందొక మెట్టు, వెనకొక మెట్టు ఉండేవి. ఇప్పుడు రోడ్డు మీద ఎత్తు బండ్లదే రాజ్యం. రాయలసీమలోనే, పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారు చేస్తున్న కియా కూడా ఇక్కడివాళ్లకు సెడాన్ అమ్మదు. అయినా నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఒక ఇంట్లో తొలి కారు మాట వచ్చి, అయిదుగురూ సామానుతో తిరుపతికీ హైదరాబాదుకూ పోయి రావాలి, ఖర్చు పది లక్షలకు అటూ ఇటూగా తేలాలి అనుకున్నప్పుడు సెడాన్ మళ్లీ లెక్కలోకి వస్తుంది. ఆ ధరలో తరచూ పోటీపడే పేర్లు మారుతి డిజైర్, హోండా అమేజ్. హ్యుందాయ్ ఆరా, టాటా టిగోర్ కూడా ఉన్నాయి. కింద చెప్పే పరీక్ష వాటికీ పనికొస్తుంది.

ఈ రెండు కార్లూ ఒక తల్లి పిల్లల్లా ఎందుకుంటాయో తెలియాలంటే పన్నుల సంగతి చూడాలి. నాలుగు మీటర్ల లోపు పొడవుండే చిన్న ఇంజను కార్లకు 2006 కేంద్ర బడ్జెట్ ఎక్సైజు సుంకం తగ్గించింది. 2008లో టాటా తన ఇండిగోను కురచ చేసి, సీఎస్ అని పేరు పెట్టి ఆ గీత లోపలికి తెచ్చింది. అదే ఏడాది 4,160 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చిన స్విఫ్ట్ డిజైర్‌కు 2012లో డిక్కీ కోసి 3,995 చేశారు. 2013లో వచ్చిన అమేజ్ పుట్టడమే గీత లోపల పుట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీతో, నాలుగు మీటర్లూ 1,200 సీసీ దాటని పెట్రోలు కారుకు 18 శాతం, దాటిన హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నాల వంటివాటికి 40 శాతం పన్ను పడుతోంది. అందుకే ఇవాళ్టి డిజైర్, అమేజ్ రెండూ సరిగ్గా 3,995 మిల్లీమీటర్లే. గుడ్డ కొలత ఒకటే, దర్జీలు ఇద్దరు. తేడా అంతా కుట్టులో వెతకాలి.

డిజైర్ కొత్త తరం 2024 నవంబరులో 6.79 లక్షల ప్రారంభ ధరతో, అమేజ్ కొత్త తరం డిసెంబరులో 8 లక్షలతో వచ్చాయి. పన్ను కోత తర్వాత రెండూ దిగాయి. డిజైర్‌లో మూడు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజను, అమేజ్‌లో నాలుగు సిలిండర్లది. మాన్యువల్ గేరు బండికి కంపెనీ చెప్పే మైలేజీ డిజైర్‌ది 24.79, అమేజ్‌ది 18.65. డిక్కీ 382 లీటర్లు, 416 లీటర్లు. నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ 163 మిల్లీమీటర్లు, 172 మిల్లీమీటర్లు. కాగితం మీద మైలేజీ డిజైర్‌దీ, చోటు అమేజ్‌దీ అని తేలిపోతుంది. కొనేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగుతారు. కానీ మైలేజీ ప్రయోగశాలలో తీసింది. అడుగు ఖాళీ ఎవరూ ఎక్కని బండిది. డిక్కీ లీటర్లు సందుగొందులన్నీ కలిపి లెక్కగట్టినవి. అయిదుగురు ఎక్కి ఇంటి దోవ పట్టాక ఈ అంకెల్లో ఒక్కటీ చెప్పినచోట నిలబడదు.

ఆ దోవకు నమూనాగా నంద్యాల నుంచి బెలుం గుహల దారిని తీసుకోవచ్చు. అది బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా పోతుంది. ఆళ్లగడ్డవాళ్లు కోయిలకుంట్ల మీదుగా వస్తారు. సెలవుల్లో చుట్టాలు దిగితే, మహానంది, అహోబిలం అయ్యాక, తీసుకుపోయే చోటు ఇదే కాబట్టి కారు నిండుగా ఉంటుంది. కుందూ లోయలో నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుస్తుంది, దాని మీద పరిచిన తారు అలలు తేలుతుంది. పడమరగా పోయేకొద్దీ సున్నపురాయి. నీళ్లు ఆ రాయిని కరిగించి 3,229 మీటర్ల గుహను తొలిస్తే, మనుషులు పైన అదే రాయిని నాపబండలుగా కోసి, సిమెంటుకు పిండి చేసి లారీలకెత్తుతున్నారు. బరువు లారీలు తిరిగే రోడ్డుకు గుంతలు తప్పవు. లారీల వేగానికి భయపడిన ఊళ్లకు స్పీడ్ బ్రేకర్లు వేసుకోక తప్పదు.

స్పీడ్ బ్రేకరు దగ్గర కొంచెం ఆగాలి. అక్కడ తేలేది షోరూంలో తేలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హంపు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. డిజైర్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు, అమేజ్‌కు 2.47. అంటే ప్రమాణం ప్రకారం వేసిన హంపు మీదికి నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కి నిలుస్తాయి. చక్రాలున్నచోటు కంటే కారు నడుము కింద రోడ్డు ఎత్తు 44 మిల్లీమీటర్ల చిల్లరే. ఏ సెడానూ తగలదు. ఊళ్లో మేస్త్రీ చేత వేయించిన దిమ్మె సంగతి వేరు. అది ఎత్తు ఎక్కువ, వెడల్పు మూరో రెండు మూరలో. ముందు చక్రాలు దాటి కిందికి దిగుతాయి, వెనక చక్రాలు ఇంకా ఇవతలే ఉంటాయి, దిమ్మె మొత్తం కారు పొట్ట కింద నిలబడుతుంది. అప్పుడు చక్రాల మధ్య దూరంతో పనిలేదు, అడుగు ఖాళీ ఒక్కటే లెక్క. అయిదుగురు మనుషులు, సామాను కలిస్తే 400 కిలోలకు దగ్గర పడుతుంది. స్ప్రింగులు కుంగి ఆ ఖాళీ కరుగుతుంది. రెండు కార్ల మధ్య తేడా 9 మిల్లీమీటర్లంటే చిటికెన వేలి మందమైనా లేదు. ఎంత ఖాళీతో వచ్చింది అన్నదానికంటే, బరువు పడ్డాక వెనక భాగం ఎంత కుంగుతుంది అన్నదే కారును తగిలించేదీ కాపాడేదీ. ఈ కుంగుడు కంపెనీ కరపత్రంలో ఉండదు. టేపు పట్టుకొని, ఖాళీగా ఒకసారి, అందరూ ఎక్కాక ఒకసారి వెనక చక్రం పైఅంచుకూ బాడీ వంపుకూ మధ్య కొలిస్తే నిమిషంలో తెలుస్తుంది. షోరూంలో టేపు తీసిన కొనుగోలుదారును సిబ్బంది వింతగా చూస్తారు. చూడనివ్వాలి.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ పడిందన్నదీ ముఖ్యమే. సెడాన్ డిక్కీ చాలావరకు వెనక ఇరుసుకు వెనక వేలాడుతుంది. 26 కిలోల సోనా బియ్యం బస్తాలు రెండు అందులో వేస్తే, లేదా ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర చేయించిన అడుగున్నర రాతి విగ్రహం పెడితే, తక్కెడలో ఒక పళ్లెం దిగినట్టు తోక దిగి ముక్కు లేస్తుంది. రాత్రి హెడ్‌లైట్ వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. లైటును దించే చిన్న చక్రం స్టీరింగు పక్కన చాలా కార్లలో ఉంటుంది, తిప్పేవాళ్లే తక్కువ. డిక్కీ లీటర్ల కంటే ముందు చూడాల్సింది దాని నోరు. గడప ఎంత ఎత్తులో ఉంది, పెద్ద సూట్‌కేసు అడ్డంగా పడుతుందా నిలువుగానా, మూత వేసినప్పుడు వంకర తిరిగిన కమ్మీలు లోపలికి దిగి సంచిని నొక్కుతాయా? బనగానపల్లె మామిడిపళ్ల బుట్టకు ఆ కమ్మీ తగిలిందంటే ఊరు చేరేసరికి రసమే. అమేజ్‌కున్న 34 లీటర్ల ఎక్కువ చోటు ఒక చిన్న చేతిసంచి పాటిది. సీఎన్‌జీ బండి తీసుకుంటే సిలిండరు డిక్కీలోనే కూర్చుంటుంది, ఈ పోలికంతా చెల్లదు.

ఇక సీట్లు. సెడాన్ సీటు నేలకు దగ్గర. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అందులోకి కూర్చోవడం కాదు, దిగబడడం జరుగుతుంది. లేవడం ఇంకా కష్టం. ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి చూడాలి. వెనక తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, చీర కుచ్చిళ్లు గుమ్మానికి తగులుతాయా, నడుమ కూర్చున్నవారి కాళ్ల కింద నేల చదునుగా ఉందా అన్నవి ఇద్దరు కూర్చొని చూస్తే తేలవు, ముగ్గురూ కూర్చోవాలి.

మైలేజీ లెక్క సులువే, గజిబిజి చేసుకోనక్కరలేదు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి కంపెనీ అంకెల ప్రకారం డిజైర్ 484 లీటర్లు తాగితే అమేజ్ 643 తాగుతుంది. లీటరు 110 రూపాయల లెక్కన తేడా ఏడాదికి పదిహేడున్నర వేలు. ఊళ్లోనే తిరుగుతూ 5,000 దాటనివారికి ఏడు వేల పైచిలుకు. రోడ్డు మీద రెండింటి మైలేజీ అదే నిష్పత్తిలో తగ్గితే ఈ తేడా తగ్గదు, పెరుగుతుంది. ఎక్కువ తిరిగే వ్యాపారికి, మెడికల్ రెప్రజెంటేటివ్‌కు డిజైర్ వైపు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. తక్కువ తిరిగేవారు మైలేజీ కోసం మిగతావన్నీ వదులుకోవడం మాత్రం అలవాటు కొద్దీ చేసే పనే. బండి నిలిచి ఉన్నప్పుడు మూడు సిలిండర్ల ఇంజను సన్నగా వణుకుతుంది, నాలుగు సిలిండర్లది అంతకంటే నెమ్మది. ఆటోమేటిక్ కావాలనుకుంటే తేడా పెద్దది. డిజైర్‌లో ఉన్న ఏఎంటీ మాన్యువల్ గేరునే యంత్రం చేత మార్పిస్తుంది, గేరు మారినప్పుడల్లా చిన్న కుదుపు. అమేజ్‌లోని సీవీటీకి గేరు మెట్లే లేవు. నంద్యాల నుంచి గిద్దలూరుకు నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు ఆ నునుపుదనం తెలుస్తుంది, ధరలోనూ తెలుస్తుంది.

ఏసీని పరీక్షించడానికి బెలుం కంటే మంచి చోటు దొరకదు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ లోకానికి చెప్పిన, 1982-83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం శోధించిన ఈ గుహలను 2002లో సందర్శకులకు తెరిచినప్పటి నుంచి వచ్చేవాళ్లందరికీ ఒకటే అనుభవం: లోపల ఉక్క. గొట్టాలతో గాలి పంపుతున్నా, 46 మీటర్ల లోతున్న పాతాళగంగ దాకా దిగి ఎక్కేసరికి చొక్కా పిండితే నీళ్లు కారతాయి. అలా తడిసిన అయిదుగురు, మే నెల ఎండలో రెండు గంటలు నిలిచిన కారులో ఒక్కసారిగా కూర్చుంటారు. లోపలి గాలంతా వేడి, పైగా తేమ. ముందు సీట్లో చలి వేస్తున్నా వెనకవాళ్లు కాగితంతో విసురుకుంటూ ఉంటే ఆ కారు ఈ నేలకు తగింది కాదు. వెనక సీటుకు విడిగా గాలి రంధ్రాలున్నాయా అన్నది పేరును బట్టి కాక, కొనే వేరియంటును బట్టి అడిగి తెలుసుకోవాలి. గాలి ఎంత చల్లగా ఉందన్నదాని కంటే ఎన్ని నిమిషాల్లో వెనక్కి చేరిందన్నది చూడాలి.

భద్రతలో రెండింటికీ అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. వెనక సీటు బెల్టు పెట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరి, పెట్టుకోనివారిని ఆ ఆరూ కాపాడలేవు. అమేజ్ పై వేరియంటులో ముందు అద్దం వెనక ఒక కెమెరా ఉండి, గీతలు చూసి బండిని దారిలో ఉంచుతుంది, ఎదురుగా ఏదైనా వస్తే బ్రేకు వేస్తుంది. కడప, కర్నూలుల మధ్య 40వ నంబరు జాతీయ రహదారి మీద అది పనికొచ్చే ఏర్పాటే. కోయిలకుంట్ల వైపు, గీతలు చెరిగిపోయి, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, మిగిలిన సగంలో బర్రెలు నడిచే చోట ఆ కెమెరాకు చదవడానికేమీ దొరకదు.

కొన్న తర్వాతి సంగతులు క్లుప్తంగా. పాలిష్ బండల ఫ్యాక్టరీల దగ్గర తెల్లటి దుమ్ము లేస్తుంది. అక్కడ రోజూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చాలి. సర్వీసు సెంటరు నంద్యాలలో ఉందా, కర్నూలు దాకా పోవాలా అన్నది ముందే చూసుకోవాలి. పసుపు నంబరు ప్లేటుతో డిజైర్లు ఊరూరా తిరుగుతుంటాయి కాబట్టి అది బాడుగ బండిలా ఉంటుందని కొందరు మొహం చిట్లిస్తారు. నిజానికి బాడుగవాళ్లు నమ్ముకున్న బండికి విడిభాగాలూ, చూసే మెకానిక్కూ, అమ్మేటప్పుడు బేరమూ త్వరగా దొరుకుతాయి. నంబరు చూసి కర్నూలు బండని చెప్పగలిగే ఏపీ 21 మాత్రం 2019 నుంచి కొత్త కార్లకు లేదు, రాష్ట్రమంతా ఒకటే వరస. ధర 10 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శాతమే పెరుగుతుంది కాబట్టి, పై వేరియంటుకు ఆశపడినప్పుడు ఎక్స్-షోరూం ధర కాక ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోవాలి.

షోరూంవాళ్లు ఇచ్చే టెస్ట్ డ్రైవ్ నునుపైన రోడ్డు మీద, ముందే చల్లబరచిన కారులో, నాలుగు కిలోమీటర్లు. దానితో ఏదీ తేలదు. డిజైర్ సంగతి తేల్చుకోవడానికి తేలికైన దారి, ఒక ఆదివారం అదే తరం డిజైర్‌ను బాడుగకు మాట్లాడుకొని ఇంట్లో నలుగురు బెలుం పోయి రావడం. డ్రైవరు ముందు కూర్చుంటే వెనక ముగ్గురి పాట్లు ఇంటివాళ్లకే తెలుస్తాయి, డ్రైవరు నోట బండి గుట్టూ తెలుస్తుంది. అమేజ్ బాడుగకు అంత సులువుగా దొరకదు. తెలిసినవారి బండిలో అదే దోవన, అంతే మందితో పోవాలి. మందిలో ఒకరు తగ్గినా పోలిక చెడుతుంది.

డెలివరీ రోజు నిమ్మకాయలు తొక్కించే ముందే ఛాసిస్ నంబరులో తయారీ నెల, ఏడాది చూసుకోవాలి. డిసెంబరులో తయారైన బండి జనవరిలో కొన్నా పాత ఏడాది బండిగానే అమ్ముడుపోతుంది. 1,000 కిలోమీటర్ల దగ్గర తొలి సర్వీసుకు బండిని లిఫ్టు మీద ఎత్తుతారు. అప్పుడు కాఫీ తాగుతూ గాజు గదిలో కూర్చోకుండా కిందికి వెళ్లి చూడడం మేలు. గీతలు పడి ఉంటే అవి ముందు బంపరు కిందనా, నడుమనా, వెనక సైలెన్సరు దగ్గరనా అన్నదాన్ని బట్టి ఏ ఊరి దిమ్మె, ఎంత బరువుతో ఉన్నప్పుడు తగిలిందో గుర్తుపట్టవచ్చు.