ఫాదర్ లీవెన్స్ కథలో ముండాలేరీ?

బెల్జియం జెసూయిట్ ఫాదర్ కాన్‌స్టంట్ లీవెన్స్ 1885లో ఛోటానాగ్‌పూర్‌లోని తోర్పాకి వచ్చాడు. జీవితచరిత్రలు రాసినవాళ్లు ఆయన్ని ఆదివాసుల రక్షకుణ్ణి చేసేశారు. వేలమంది జ్ఞానస్నానం పుచ్చుకున్నారని మురిసిపోతారు. ఎందుకు పుచ్చుకున్నారంటే నీళ్లు నములుతారు. భూములు జమీందార్ల పాలయ్యాయి, పైన వెట్టి. లీవెన్స్ భూచట్టాలు చదివి, కోర్టు దావాల్లో వాళ్లకి అండగా నిలబడ్డాడు. అది గొప్పే, కాదనం. కానీ ముండా సర్దార్ల భూపోరు ఆయన రాకముందే, 1858 నుంచే నడుస్తోంది. జర్మన్ లూథరన్ మిషన్ తమ పోరుకి కలిసిరాలేదని సర్దార్లు కేథలిక్కుల వైపు మళ్లారు. అంటే ఎంచుకున్నది వాళ్లు! క్షయతో తిరిగెళ్లిన లీవెన్స్ 1893లో చనిపోయాడు. పోరు ఆగలేదు. కౌల్దారీ చట్టం వచ్చింది 1908లో, బిర్సా తిరుగుబాటు తర్వాత.