అడిగి ఇచ్చే టికెట్, అడగకుండా ఇచ్చే టికెట్

సీతాఫల్‌మండి స్టేషన్‌లో ఎంఎంటీఎస్ టికెట్ కొంటే దాని మీద పేరుండదు, సీటు నంబరుండదు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత, ఎప్పుడు కొన్నారు, అంతే. పక్క స్టేషనే సికింద్రాబాద్. అక్కడ రిజర్వేషన్ చేయించుకుంటే వచ్చే కాగితం మీద పేరు, వయసు, కోచ్, బెర్త్, పది అంకెల పీఎన్నార్ అన్నీ ఉంటాయి. రెండూ రైల్వే టికెట్లే. రెండింటికీ సాఫ్ట్‌వేర్ రాసింది 1986లో రైల్వేలు పెట్టుకున్న క్రిస్ సంస్థే. అయినా లోపలి కట్టుబడి చూస్తే ఇవి ఒక తల్లి పిల్లలనిపించవు. హైబ్రిడ్ క్లౌడ్ మీద అప్లికేషన్లు కట్టేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఈ రెండు కాగితాల తేడాలోనే ఉందని నా వాదన.

హైబ్రిడ్ క్లౌడ్ అంటే కొంత సొంత డేటా సెంటర్, కొంత అద్దె క్లౌడ్, రెండూ కలిసి ఒకే పని నడపడం. సొంతింట్లో కాపురం ఉంటూ పెళ్లికి ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నట్టు. రైల్వే టికెట్ల వ్యవస్థ ఈ పేరు పుట్టక ముందే పుట్టింది, కాబట్టి దానికి ఆ ముద్ర వేయడం న్యాయం కాదు. కానీ ఆ కట్టుబడిలో తేల్చుకోవాల్సిన చిక్కులన్నీ రైల్వేలు ముందే ఎదుర్కొన్నాయి. ఏది దగ్గర పెట్టుకోవాలి, ఏది దూరానికి పంపాలి, మధ్యలో తీగ తెగితే ఏం చేయాలి?

ముందు రిజర్వేషన్ సంగతి. దాని సాఫ్ట్‌వేర్ పేరు కాన్సర్ట్. 1994 సెప్టెంబరులో అది మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అని అయిదు కేంద్రాలు. 1999 ఏప్రిల్‌లో అయిదింటినీ ఒక నెట్‌వర్క్‌లోకి తెచ్చారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అయిదు కేంద్రాలున్నాయంటే ఒకే లెక్క అయిదు చోట్ల ఉందని కాదు. ప్రతి రైలుకీ ఒక సొంత కేంద్రం ఉంటుంది, దాని బెర్తుల లెక్క అక్కడే. సికింద్రాబాద్ కౌంటర్లో కూర్చుని ముంబై వారి రైలుకు టికెట్ అడిగితే, ఆ ప్రశ్న ముంబై యంత్రం దాకా వెళ్లి జవాబుతో తిరిగి రావాలి. పీఎన్నార్ మొదటి అంకె చెప్పేది కూడా ఈ యాజమాన్యాన్నే: 8 ముంబైది, 4 చెన్నైది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, ఒక బెర్తుకు ఇద్దరు యజమానులు పనికిరారు.

ఇక అన్‌రిజర్వుడ్ టికెట్లు ఇచ్చే యూటీఎస్. ఇది 2002 ఆగస్టు 15న ఢిల్లీ ప్రాంతంలో మొదలైంది. అదే నెల 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ బుకింగ్ కూడా మొదలైంది. అప్పట్లో నెట్‌లో కొంటే టికెట్ కొరియర్‌లో ఇంటికొచ్చేది. ఒకే నెలలో రెండు దారులు తెరుచుకున్నాయి, రెండూ రెండు దిక్కులకు సాగాయి. యూటీఎస్ కౌంటరుకు బెర్తుల లెక్కతో పనే లేదు. రైల్లో ఎంత మంది ఉన్నారో అది ఎవరినీ అడగదు. అందుకే లింక్ పోయినా టెర్మినల్ తనంతట తాను టికెట్లు కొట్టి, లింక్ వచ్చాక లెక్క అప్పజెప్పే ఏర్పాటు అందులో పెట్టగలిగారు. ఇప్పుడు ప్యాటర్న్‌ల పుస్తకాలు దీన్నే 'ఎడ్జ్ హైబ్రిడ్' అంటున్నాయి: పని అంచునే జరిగిపోవాలి, కేంద్రానికి కబురు తర్వాత చేరినా ఫరవాలేదు.

ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. లింక్ పోయినప్పుడు రిజర్వేషన్ కౌంటర్ మూగబోతుంది. మూగబోవాలి కూడా. తెలియకుండా 'ఉంది' అంటే ఒకే బెర్తు ఇద్దరికి అమ్మినట్టే. యూటీఎస్ కౌంటర్ మాట్లాడుతూనే ఉంటుంది. అది చెప్పే మాటలో తప్పు దొర్లే చోటే లేదు. నెట్‌వర్క్ చీలినప్పుడు ఖచ్చితత్వం, అందుబాటు రెండూ ఒకేసారి దక్కవని ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పారు. ఆ సిద్ధాంతం ఈ కౌంటర్లలో రోజూ కళ్లకు కడుతుంది. అందులో ఏది వదులుకోవాలన్నది ఇంజనీరు ఇష్టాయిష్టాల మీద లేదు. టికెట్ ఇచ్చే మాటే దాన్ని నిర్ణయించింది. ఒక టికెట్ బెర్తు ఇస్తానంటోంది. రెండోది ఎక్కనిస్తానంటోంది, అంతకు మించి ఒక్క ముక్క అనడం లేదు.

రద్దీ దగ్గర రిజర్వేషన్ బలహీనత బయటపడుతుంది. ఉదయం పదింటికి ఏసీ తత్కాల్, పదకొండింటికి స్లీపర్. దేశమంతా ఒకే గుమ్మం ముందు నిలబడుతుంది. ఇలాంటి చోట క్లౌడ్ అమ్మేవాళ్లు చెప్పే మందు 'క్లౌడ్ బర్స్టింగ్': రద్దీ పెరిగితే అద్దె సర్వర్లు కలుపుకోండి, తగ్గాక వదిలేయండి. గుమ్మాలు పెంచితే లోపల గుమాస్తాలు పెరగరన్న సంగతి మాత్రం ఆ మాటలో ఉండదు. రైల్వేలు చేసిన తెలివైన పని వేరు. చూసేవాళ్లనీ కొనేవాళ్లనీ విడదీయడం. 2014 ఏప్రిల్ 28న వచ్చిన కొత్త ఈ-టికెట్ వ్యవస్థతో నిమిషానికి 2,000గా ఉన్న సామర్థ్యం 7,200 టికెట్లకు పెరిగింది. 'ఖాళీ ఉందా' అని అడిగే లక్షల ప్రశ్నలకు జ్ఞాపకంలో పెట్టుకున్న నకలు జవాబిస్తుంది, అసలు చిట్టాను కొనేవాళ్లకే అట్టేపెడతారు. తెర మీద 12 ఖాళీలు కనిపించి, డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్టు రావడం ఇలాంటి ఏర్పాటులో తప్పనిది. తెర నకలును చూపించింది, టికెట్ అసలును అడిగింది. 2025 మే 22న ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు బుక్ కావడం రికార్డు. అదే ఏడాది రైల్వేలు బాట్‌లను అడ్డుకునే వ్యవస్థనూ, పేజీలను దగ్గరి సర్వర్ల నుంచి అందించే ప్రైవేటు సీడీఎన్‌నూ వెబ్‌సైటు ముందు నిలిపాయి. కాపలా అద్దెది, చిట్టా సొంతది. పుస్తకాల్లో దీని పేరు 'టైర్డ్ హైబ్రిడ్'.

యూటీఎస్ బలహీనత నమ్మకం దగ్గర ఉంది. అడగకుండా ఇచ్చేవాడిని మోసగించడం తేలిక. ఫోన్లో కొనే కాగితం లేని టికెట్ వచ్చాక, టీసీ కనబడగానే టికెట్ కొనేయవచ్చన్న చిక్కు వచ్చింది. దానికి కట్టిన కంచె జీపీఎస్. సీతాఫల్‌మండి ప్లాట్‌ఫారం మీద నిలబడి, బండి కూత వినిపిస్తుండగా యాప్ తెరవండి. మీరు స్టేషన్ పరిధిలో ఉన్నారు, కుదరదంటుంది. పక్కనే గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే టికెట్ ఇస్తుంది, లేదంటే మెట్లెక్కి రోడ్డు మీదికి పోవాలి. కాలేజీ పిల్లలు బ్యాగులు ఊపుకుంటూ గోడ వైపు పరిగెత్తేది అందుకే. టికెట్ ఒకసారి ఫోన్లోకి వచ్చాక చూపించడానికి మాత్రం నెట్ అక్కర్లేదు. కేంద్రాన్ని అడగడం మానేసిన వ్యవస్థ, ఆ అడగాల్సిన దాన్ని మనిషి నిలబడ్డ చోటు మీదికి మార్చింది. అంచుకు స్వేచ్ఛ ఇస్తే దాని ఖరీదు ఇంకెక్కడో కట్టాలి. హైబ్రిడ్ బొమ్మలు గీసేవాళ్లు ఈ ఖరీదును బాణం గుర్తుల కింద దాచేస్తారు.

డబ్బు దగ్గర ఇద్దరికీ ఒకటే తలనొప్పి. బ్యాంకు ఒక లోకం, రైల్వే మరో లోకం. అక్కడ డబ్బు కటై ఇక్కడ టికెట్ రాకపోతే జరిగినదాన్ని చెరిపేయలేం, తిరిగి చెల్లించగలం. అడుగడుగుకీ ఒక ఎదురు అడుగు సిద్ధంగా ఉంచుకోవాలన్న ఈ పద్ధతికి గార్సియా-మొలినా, సేలం 1987లోనే 'సాగా' అని పేరు పెట్టారు. మనం దాన్ని రిఫండ్ అంటాం.

మరి ఎవరు గొప్ప? పుస్తకాల కొలతతో చూస్తే యూటీఎస్‌దే ఆధునికమైన కట్టుబడి అనిపిస్తుంది. నా తీర్పు అది కాదు. యూటీఎస్ తేలిగ్గా ఉందంటే అది చిన్న మాట ఇచ్చింది కాబట్టి. రిజర్వేషన్ బరువుగా ఉందంటే పెద్ద మాట ఇచ్చి నిలబెట్టుకుంటోంది కాబట్టి. రైల్వేలు ఈ రెంటినీ ఒకే మూసలో పోయకపోవడమే అసలు డిజైన్. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ రీజియన్ తెరిచాక, అద్దె సర్వర్ ఇప్పుడు మన ఊళ్లోనే ఉంది. దూరం తగ్గింది గానీ బెర్తుకు యజమాని ఎవరన్న ప్రశ్న తగ్గలేదు. ఏ పని ఎక్కడ పెట్టాలో బిల్లు చూసి తేల్చే కంపెనీలకు తర్వాత తెలిసివచ్చేది ఇదే.

2025 జూలై 1న వచ్చిన రైల్‌వన్ యాప్‌లో ఈ రెండు టికెట్లూ ఒకే తెర మీదికి చేరాయి. బొత్తాలు పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా. ఒకటి నొక్కితే ప్రశ్న ఎక్కడో ఒక చిట్టా దాకా వెళ్లి మీ వంతు కోసం ఆగుతుంది. రెండోది నొక్కితే మీరు పట్టాలకు ఎంత దూరంలో ఉన్నారో చూసుకుని టికెట్ ఇచ్చేస్తుంది. పైన తెర ఒకటే అయింది. కింద రెండూ రెండుగానే ఉండనిచ్చారు, అది మంచి పని.