బక్కచిక్కిపోవడం, బరువు తగ్గించుకోవడం: ఆరోగ్య ప్రోత్సాహకాల భాషపై విమర్శ

వ్యాససంగ్రహం: బరువు తగ్గిన ఉద్యోగికి నగదు ఇచ్చే పథకాల భాషను ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల శ్రమానుభవం వెలుగులోనూ, సురవరం ప్రతాపరెడ్డి సాంఘికచరిత్ర దృష్టితోనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శ్రమ, శరీరం, ఆదాయభేదం, పాలమూరు, సాంఘికచరిత్ర.

1. ఉపోద్ఘాతం

శరీర ద్రవ్యరాశి సూచిక 25 కన్నా తక్కువ ఉన్న ఉద్యోగులకు సగం నెల జీతాన్ని బోనస్‌గా ఇస్తామని 2022లో బెంగళూరుకు చెందిన జెరోధా సంస్థ ప్రకటించింది. ఈ నిబంధన ప్రకారం సహజంగా సన్నగా ఉన్నవారికి బోనస్ దక్కుతుంది. సూచికను 30 నుంచి 26కు దించుకున్నవారికి దక్కదు. అంటే ఇక్కడ కొలిచేది ప్రయత్నాన్ని కాదు, దేహాన్ని.

2. క్రియల్లో వర్గభేదం

'తగ్గించుకోవడం'లోని 'కొను' ఆత్మార్థకం. పని చేసేవాడూ, ఫలం పొందేవాడూ ఒక్కడే అని అది సూచిస్తుంది. 'బక్కచిక్కిపోవడం'లోని 'పోవు' కర్త ఇచ్ఛతో నిమిత్తం లేని మార్పును తెలుపుతుంది. "ఏంది బిడ్డా, గింత బక్కగయినవ్?" అన్న పలకరింపులో మెచ్చుకోలు లేదు, ఆందోళన ఉంది. గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని వలసపోయిన పాలమూరు కూలీకి అనుభవంలో ఉన్నది ఈ రెండో క్రియే. 2006లో ఉపాధిహామీ పథకం తొలివిడతలోనే ఈ రెండు జిల్లాలకూ వచ్చింది. అక్కడ తవ్విన మట్టిని కొలిచి కూలి కడతారు. అంటే ఒకచోట కొలత మట్టికి, మరొకచోట మనిషికి. 'రెక్కాడితే గాని డొక్కాడదు' అన్న సామెత దేహాన్ని కూలి నుంచి విడదీయదు. ప్రోత్సాహక పథకం విడదీస్తుంది.

3. సురవరం దృష్టి

పాలమూరు ప్రాంతీయుడైన సురవరం 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. రాజుల యుద్ధాలకు బదులు ప్రజల తిండి, బట్ట, ఆట, వ్యాయామం ఈ గ్రంథంలో చరిత్రకు వస్తువులయ్యాయి. దేహపోషణ వ్యక్తి గుణం మాత్రమే కాదు, సమాజ స్థితికి సాక్ష్యం కూడా అన్నది దీని నుంచి గ్రహించదగిన సూత్రం.

4. ఆదాయభేదం

అమెరికాలో 2013-15 మధ్య 197 మంది స్థూలకాయ ఉద్యోగులపై ఒక అధ్యయనం జరిగింది. 550 డాలర్ల ప్రోత్సాహకం చూపినా వారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలోని అల్పాదాయ ప్రాంతాలకు చెందిన 668 మందిపై జరిగిన మరో అధ్యయనం 2022లో వెలువడింది. అందులో అందరికీ బరువు తగ్గించే కార్యక్రమంలో సభ్యత్వం, తూకపు యంత్రం వంటి సాధనాలు ఇచ్చారు. వాటికి తోడు నగదు కూడా పొందినవారు ఎక్కువగా తగ్గారు. కాబట్టి పేదలకు సంకల్పం లేదనే వాదన నిలవదు. సాధనాలు అందినచోట నగదు కూడా పనిచేస్తుంది.

5. ముగింపు

జడ్చర్ల సమీపంలోని పోలేపల్లి వంటి పారిశ్రామిక ప్రాంతాలకు ఇటువంటి పథకాలు వస్తే మొదట అడగవలసిన ప్రశ్న 'ఉద్యోగి' అంటే ఎవరన్నది. కాంట్రాక్టు కార్మికుడు ఆ మాట పరిధిలోకి వస్తాడా? రాత్రి షిఫ్టు, క్యాంటీన్ తిండి, విశ్రాంతి వేళ మారకుండా బరువు మాత్రమే మారాలని కోరితే యాజమాన్య బాధ్యత కార్మికుడి నైతికతగా రూపుమారుతుంది. 'కొను' ప్రత్యయం ఎవరికి వర్తిస్తుందో తేల్చిన తరువాతే బహుమతి గురించి మాట్లాడడం న్యాయం.