సేతువు, సూత్రము, ఉడుత

అమితవ్ ఘోష్ 2016లో ప్రకటించిన ‘ది గ్రేట్ డిరేంజ్‌మెంట్’ అను గ్రంథమునందు నవీననవలపై గట్టి యాక్షేపణ యొకటి కలదు. వాతావరణవిపర్యాసము జనసముదాయము చేసినది, జనసముదాయమే యనుభవించునది. నవలయో, ఒక్కని యంతరాత్మనే పట్టుకొని తిరుగును. కావున నీ విపత్తును వర్ణింప దానికి శక్తి చాలకున్నదని యాతని వాదము. చమురు బయల్పడుటచే మరుభూమివాసుల బ్రదుకు తలక్రిందులైన తీరును చెప్పిన అబ్దుల్ రహమాన్ మునీఫ్ నవలను జాన్ అప్‌డైక్ 1988లో విమర్శించుచు, ఇందు గుంపే కాని వ్యక్తియొక్క నైతికసాహసము లేదని తీసివేసెను. ఘోష్ ఆ మాటనే యెత్తి చూపి, నవల పోఁగొట్టుకొన్నది ఆ గుంపునే యనెను.

ఇంతవఱకు వాదము బలముగనే యున్నది. కాని, వ్యక్తి యన్నంతనే వాని యంతరాత్మ యని యర్థము చేసికొనుట యొప్పదు. గుంపులో వ్యక్తి చేయు పని వేఱు, వాని చిత్తశుద్ధి వేఱు.

ఇట్టిచోటఁ దెలుఁగువారికి వెంటనే తోఁచునది ఉడుతాభక్తి. వాల్మీకమున లేని యీ కథ రంగనాథరామాయణమునఁ గలదు. ఇసుకలోఁ బొరలి వచ్చి సేతువుపై విదిలించిన యుడుతను రాముఁడు నిమిరెను. ప్రతివాఁడును దీప మొకటి యార్పినఁ జాలునను నోదార్పునకు ఉపన్యాసకులు దీనిని వాడుచున్నారు. కథ యట్లు చెప్పుట లేదు. అది సేతువు లేచుచుండఁగా రాలిన యిసుక. సేతువే లేనిచో నుడుతకు ఒడలు దులుపుకొనుటయే మిగులును.

వాల్మీకి చూపు మఱింత సూక్ష్మము. మొదటినాఁడు 14 యోజనములు, పిదప వరుసగా 20, 21, 22, 23. అయిదు దినములలో నూఱు. నిర్మాతగాఁ బేరు గాంచినవాఁడు నలుఁడు. తక్కినవారిలో చెట్లు పెకలించువారు, రాళ్లు మోయువారు మాత్రమే కాక, దండములు పట్టినవారును, సూత్రము పట్టినవారును గలరు. పాఠకుఁడు త్వరగా దాఁటిపోవు నీ మాటయే యిచట ముఖ్యము. సూత్రము పట్టినవాఁడు రాయి యొక్కటియు మోయఁడు. వాఁడు లేనిదే రాళ్లు వరుసకు రావు.

చార్లెస్ కీలింగ్ అట్టివాఁడు. హవాయిలోని మౌనా లోవా పర్వతముపై 1958లో గాలియందలి బొగ్గుపులుసు వాయువును కొలిపింప నారంభించెను. నాఁడు పదిలక్షల పాళ్లలో నది సుమారు 315 పాళ్లు. నేఁడు 420 దాఁటినది. 1964లో ధనాభావముచేఁ గొంతకాలము కొలత నిలిచినను, 2005లో మరణించువఱకు నాతఁ డా లెక్కను విడువలేదు. పిమ్మట కుమారుఁడు సాగించుచున్నాఁడు. ఆ కొలతవలన గాలి యణుమాత్రమును శుభ్రపడలేదు. అయినను 1992 నాఁటి రియో సమావేశము మొదలు 2015 నాఁటి పారిస్ ఒడంబడిక వఱకు దేశములు కూడి మాటాడుటకు ఆధారమైన లెక్కలలో నిది ముఖ్యము.

ఇట్టివాని చరిత్రమున అప్‌డైక్ కోరిన నైతికసాహసము స్వల్పము. గుంపునే వెదకు ఘోష్ దృష్టికిని వీఁడు తప్పిపోవును. నవలాకారులు వీనిని పాత్రగాఁ జేపట్టినచో ఘోష్ ఆక్షేపణలో సగము తొలఁగును.